అలయన్స్‌ది కట్టు, కొయలిషన్‌ది అంటు

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళ ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకు వినబడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకోండి.

1996 నాటి మాట. పార్లమెంటు ఎన్నికలు అయిపోయి, ఢిల్లీలో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చిన కొత్త. పిల్లలకు ఇంగ్లీషు పేపర్ చదివే అలవాటు చేద్దామని ఆదివారం పేపర్‌ను సోమవారం క్లాసుకు పట్టుకెళ్ళేవాణ్ణి. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లాడొకడు పెళ్ళి ప్రకటనల పేజీ పట్టుకుని లేచాడు. "సార్, ఎలక్షన్లు అయిపోయినయి కద. ఇంకా 'అలయన్స్ ఇన్వైటెడ్' అని రాసిండ్రు, ఏ పార్టీ వాళ్ళు పిలుస్తున్నరు?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అది పెళ్ళి సంబంధం రా, కూర్చో అన్నాను.

ఇంటికెళ్ళాక ఆలోచిస్తే నవ్వాల్సింది వాడి మీద కాదనిపించింది. పెళ్ళి సంబంధానికీ పార్టీల పొత్తుకూ ఇంగ్లీషులో ఒకే మాట ఎందుకు? అదే పేపర్ మొదటి పేజీలో 'కొయలిషన్ గవర్నమెంట్', అంటే సంకీర్ణ ప్రభుత్వం, అని పెద్ద అక్షరాలతో ఉంది. అక్కడ అలయన్స్ గవర్నమెంట్ అని ఎందుకు రాయలేదు? పోనీ, 'కొయలిషన్ ఇన్వైటెడ్' అని పెళ్ళి ప్రకటన ఎవరైనా వేస్తారా? డిక్షనరీ తీస్తే రెండింటికీ దాదాపు ఒకే అర్థం రాసి ఉంది. డిక్షనరీలో ఒకలా ఉన్న మాటలు పేపర్లో చోటు మార్చుకోలేకపోతే, తేడా ఇంకెక్కడో ఉన్నట్టే కదా. అప్పటి నుంచి ఈ రెండు మాటలు కనబడ్డ ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకోవడం నాకో పిచ్చి అయిపోయింది. ఇవాళ మీకు చెప్పేది ఆ గీతల కథే.

ముందు అలయన్స్. లాటిన్‌లో లిగారే అంటే కట్టడం, తాడుతో కట్టినట్టు కట్టడం. దాని నుంచి పుట్టిన మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి అలయన్స్ అయింది. ఇక్కడ కబడ్డీ ఆడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మోకాలు మెలిపడి లిగమెంట్ తెగిందంటారు చూడండి, ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ అది. ఆ లిగమెంట్‌లో ఉన్నది ఈ లిగారేనే. ఐపీఎల్‌లో ఉన్న లీగ్, ముస్లిం లీగ్‌లో ఉన్న లీగ్ ఇటలీ వైపు నుంచి తిరిగొచ్చిన అదే తాడు. ఆబ్లిగేషన్‌లోనూ అదే. దీనికి మనం వేరే తెలుగు వెతుక్కోనక్కర్లేదు, 'ఇచ్చిన మాటకు కట్టుబడి ఉన్నాం' అంటాం. రోముకూ ఓరుగల్లుకూ చుట్టరికం లేకపోయినా, మాట ఇచ్చినవాణ్ణి ఇద్దరం తాడుతోనే కట్టాం.

తాడు అనగానే పెళ్ళి గుర్తుకు రాకుండా ఉంటుందా? మూడు ముళ్ళు, కొంగుముడి, బ్రహ్మముడి, అన్నీ ముళ్ళే. ఇంగ్లీషులో కూడా అలయన్స్ అనే మాట తొలినాళ్ళ నుంచీ పెళ్ళితో రెండు కుటుంబాల మధ్య ఏర్పడే బంధుత్వాన్ని చెబుతూనే ఉంది. ఇంగ్లండులో ఆ వాడుక పాతబడింది. మన దేశపు ఇంగ్లీషులో మాత్రం ఆదివారం పేపర్లో ఇంకా బతికే ఉంది. కాబట్టి ఆ పరకాల పిల్లాడు చదివింది తప్పుడు ఇంగ్లీషు కాదు, పాత ఇంగ్లీషు.

మనకు దీనికి చక్కని మాట ఉంది: వియ్యం. వియ్యం అందుకున్న రెండిళ్ళూ ఒక్కటైపోవు. వీళ్ళ పొలం వీళ్ళదే, వాళ్ళ పొలం వాళ్ళదే. కష్టం వస్తే మాత్రం ఒకరింటికి ఒకరు వస్తారు, రాకపోతే ఊరు నాలుగు మాటలంటుంది. ఈ సంగతి మన కోటలో ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను గెలిచాడు. గెలిచి ఊరుకోలేదు, అక్కడి అయ్య వంశపు నారాంబ, పేరాంబ అనే అక్కచెల్లెళ్ళను పెళ్ళాడాడు. వాళ్ళ సోదరుడు జాయప ఓరుగల్లుకు వచ్చి గజసైన్యానికి అధిపతి అయ్యాడు, తర్వాత నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. గణపతిదేవుడు ఒక కూతురు గణపాంబను ధరణికోట కోట వంశపు బేతరాజుకిచ్చాడు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. మ్యాపు తీసి చూడండి, ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళన్నీ కృష్ణా, గోదావరి దారుల మీదే ఉంటాయి. 'అలయన్స్ ఇన్వైటెడ్'కు అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక కొయలిషన్. ఇది వేరే వంశం. లాటిన్‌లో అలెరె అంటే పోషించడం, పెంచడం. ఈ కాలేజీలో చదివి వెళ్ళినవాళ్ళను అలుమ్నై అంటున్నారే, అంటే కాలేజీ పెంచిన బిడ్డలన్నమాట. ఆల్మా మేటర్ అంటే పోషించిన తల్లి. ఎదిగే వయసువాడు అడోలసెంట్, ఎదిగిపోతే అడల్ట్. ఈ మాటలన్నీ ఒక తల్లి పిల్లలే. దీనికి ముందు 'కలిసి' అనే ఉపసర్గ తగిలించి కోఅలెస్కెరె అన్నారు, కలిసి పెరగడం, పెరిగి ఒకటైపోవడం. గాయం అంచులు మానుతూ మానుతూ కలిసిపోతాయే, ఆ కలయిక. అన్నట్టు, విడాకులయ్యాక ఇచ్చే భరణాన్ని ఆలిమొనీ అంటారు, అదీ ఈ ఇంటి మాటే. పెళ్ళి అలయన్స్‌తో మొదలై, చెడితే కొయలిషన్ వాళ్ళింటి నుంచి బిల్లు వస్తుందన్నమాట. (నవ్వులు)

ఈ తేడా నాకు నిజంగా అర్థమైంది డిక్షనరీలో కాదు, నర్సంపేట వైపు మా మేనమామ మామిడి తోటలో. ఆయన దగ్గర అంట్లు కట్టే మనిషొకాయన ఉండేవాడు. టెంక నుంచి మొలిచిన మొక్కను జానెడెత్తున కోసేవాడు. కోసినచోట కత్తితో నడిమికి చీల్చేవాడు. మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు వైపులా చెక్కి, మేకులా చేసి ఆ చీలికలో దింపేవాడు. బెరడుకు బెరడు తగిలిందా లేదా అని గోటితో తడిమి చూసుకుని, ప్లాస్టిక్ పట్టీ చుట్టి పళ్ళతో లాగి ముడివేసేవాడు. నేను చిన్నప్పుడు ఆ ముడి విప్పి చూద్దామని చెయ్యి పెడితే, "ఇప్పుడు ఇప్పితే రెండూ సస్తయి పటేలా" అన్నాడు. కొన్ని వారాలకు పై పుల్ల చిగురేసింది. అప్పుడు ఆయనే పట్టీ కోసి పారేశాడు. చూస్తే రెండు బెరళ్ళ మధ్య సన్నటి గీత తప్ప ఏమీ లేదు.

పట్టీ ఉన్నన్నాళ్ళూ అది అలయన్స్. పట్టీ తీసినా పడిపోకుండా నిలబడితే అది కొయలిషన్. కట్టు విప్పితే రెండూ మళ్ళీ రెండే, అంటు కలిశాక మాత్రం కోయాల్సిందే. నాకు తెలిసిన తేడా ఇంతే, మిగతాదంతా ఇందులోంచి వచ్చిందే.

ఈ కొయలిషన్ అనే మాట రాజకీయాల్లోకి ఎక్కింది పద్దెనిమిదో శతాబ్దంలో. ఇంగ్లండులో ఫాక్స్, నార్త్ అని ఇద్దరు. అమెరికా యుద్ధం చాలా ఏళ్ళు నడిపిన ప్రధానమంత్రి నార్త్, ఫాక్స్ ఆయన్ని నిండు సభలో తిట్టిపోసినవాడు. 1783 ఏప్రిల్లో ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు దాటలేదు, ప్రభుత్వం పోయింది. దేని మీద పోయిందో తెలుసా? ఈస్టిండియా కంపెనీని అదుపులో పెట్టే ఇండియా బిల్లు మీద. అంటే ఇంగ్లీషువాళ్ళ తొలి పేరుమోసిన కొయలిషన్ కూలింది మన దేశం పేరు చెప్పుకునే. అక్కడి నుంచి ఆ మాటకు కాస్త అనుమానపు వాసన అంటుకుంది. అలయన్స్ అంటే గౌరవంగా ఉంటుంది, కొయలిషన్ అనగానే ఎన్నాళ్ళుంటుందో అనే ప్రశ్న వెంటే వస్తుంది. కొయలిషన్‌కు ముందు ఇంగ్లీషు పేపర్లు 'ఫ్రజైల్', 'షేకీ' లాంటి మాటలు ఎన్నిసార్లు తగిలిస్తాయో మీరే లెక్కపెట్టండి.

ఇప్పుడు మీకు పనికొచ్చే గుర్తు ఒకటి చెబుతాను. వంటిల్లు ఒకటా, రెండా? అలయన్స్‌లో ఎవరి వంటిల్లు వాళ్ళదే. కొయలిషన్‌లో అందరూ ఒకే పొయ్యి దగ్గర చేరతారు, కూరలో ఉప్పెంత అని అక్కడే కొట్లాడుకుంటారు. రాజకీయాల్లో వంటిల్లంటే కేబినెట్. ఎన్నికలకు ముందు సీట్లు పంచుకుంటే అది అలయన్స్, ఎన్నికల తర్వాత శాఖలు పంచుకుంటే అది కొయలిషన్. అందుకే పార్టీలు తమకు తాము పెట్టుకునే పేర్లలో ఎక్కువగా అలయన్సే ఉంటుంది. 1998లో నేషనల్ డెమొక్రాటిక్ అలయన్స్, 2004లో యునైటెడ్ ప్రోగ్రెసివ్ అలయన్స్. 2023లో బెంగళూరులో 'ఇండియా' అని పేరు పెట్టుకున్నారు, అందులో చివరి అక్షరమూ అలయన్సే. మన దేశంలో పెద్ద పార్టీల గుంపేదీ తన పేరులో కొయలిషన్ పెట్టుకున్నట్టు నేను చూడలేదు. అది అవతలివాళ్ళు, పేపర్లవాళ్ళు, ఓడిపోయినవాళ్ళు పెట్టే పేరు.

2004లో మన దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. టీఆర్ఎస్, కాంగ్రెస్ కలిసి పోటీ చేశాయి, అది అలయన్స్. గెలిచాక టీఆర్ఎస్ వాళ్ళు రాష్ట్రంలోనూ ఢిల్లీలోనూ మంత్రులయ్యారు, అక్కడ కొయలిషన్ అయింది. 2005లో రాష్ట్రంలో రాజీనామాలు, 2006లో కేంద్రంలో. ఆ క్రమం సరిగ్గా చెప్పగలిగితే ఈ రెండు మాటలూ మీకు వచ్చినట్టే.

అన్నిసార్లూ అలయన్స్ ముదిరి కొయలిషన్ కావాలని లేదు. 1999లో తెలుగుదేశం, బీజేపీ పొత్తు పెట్టుకుని గెలిచాయి. తెలుగుదేశం మాత్రం వాజ్‌పేయి కేబినెట్‌లో చేరలేదు, బయటి నుంచి మద్దతిచ్చింది. అంటే అలయన్స్‌లో ఉంది, కొయలిషన్‌లో లేదు. వియ్యంకుడు గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని వంట బాగాలేదంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఇంకో సంగతి, పరీక్షల్లో పిల్లలు తప్పు చేసేచోటు. మన లక్నేపల్లి బిడ్డ, హనుమకొండ నుంచి పార్లమెంటుకు వెళ్ళిన పీవీ నరసింహారావు గారు 1991లో నడిపింది కొయలిషన్ కాదు. మెజారిటీ లేకపోయినా ఒకే పార్టీ ప్రభుత్వం, దాన్ని మైనారిటీ గవర్నమెంట్ అనాలి. మెజారిటీ రాలేదనగానే కొయలిషన్ అని రాసేయకండి.

ఇప్పుడు దేశం దాటుదాం. ఇక్కడ రెండు మాటలూ ఇంకా బాగా విడిపోతాయి.

దేశాల మధ్య అలయన్స్ అంటే కాగితం, సంతకం, కాలం. 1949 ఏప్రిల్ 4న పన్నెండు దేశాలు సంతకం పెట్టి నాటో కట్టుకున్నాయి, 2024లో స్వీడన్ చేరేసరికి ముప్పైరెండయ్యాయి. ఆ ఒప్పందంలో ఐదో అధికరణం ఉంది: ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే. యుద్ధం లేనప్పుడు కూడా ఆ తాడు ఉంటుంది. అసలు యుద్ధం రాకూడదనే ఆ తాడు. కొయలిషన్ అలా కాదు. పని పడితే పుడుతుంది, పని అయ్యాక ఇళ్ళకు పోతుంది. విప్లవం నాటి ఫ్రాన్స్ మీద, తర్వాత నెపోలియన్ మీద యూరప్ దేశాలు కట్టిన గుంపుల్ని చరిత్ర పుస్తకాల్లో మొదటి కొయలిషన్, రెండో కొయలిషన్ అని అంకెలేసి చెబుతారు. ఏడు దాకా పోయింది లెక్క. అలయన్స్ అయితే అన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టాల్సిన అవసరమేముంది?

నా పెన్సిల్ గీతల్లో అన్నిటికంటే నాకిష్టమైంది ఇది. 1991లో కువైట్ కోసం ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా కట్టిన కొయలిషన్‌లో సిరియా సైన్యం ఉంది. సిరియా అమెరికాకు ఏనాడూ అలై, అంటే అలయన్స్‌లో ఉన్న మిత్రుడు, కాదు. పన్నెండేళ్ళ తర్వాత, 2003లో, మళ్ళీ ఇరాక్ మీదికే వెళుతూ అమెరికా ఇంకో కొయలిషన్ కట్టింది. ఈసారి నాటోలో తోటి సభ్యులైన ఫ్రాన్స్, జర్మనీ రామన్నాయి. టర్కీ పార్లమెంటు తమ నేల మీదుగా అమెరికా సైన్యం వెళ్ళడానికి ఒప్పుకోలేదు. తాడు తెగిందా? తెగలేదు. నాటో నాటోగానే ఉంది. అలై అయినవాడు కొయలిషన్‌లో లేడు, కొయలిషన్‌లో ఉన్నవాడు అలై కాదు. ఈ ఒక్క ఉదాహరణ పెట్టుకుంటే రెండు మాటల్నీ ఒకటే అనేవాడు మీ ముందు నిలబడలేడు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళకు ఒక అనుమానం రావాలి. వచ్చిందా? పుట్టుకను బట్టి చూస్తే కట్టు వదులుగా ఉండాలి, అంటు గట్టిగా ఉండాలి. వాడుకలో చూస్తే అలయన్స్ ఏళ్ళ తరబడి నిలబడుతోంది, కొయలిషన్ పని కాగానే చెదిరిపోతోంది. ఎందుకలా? నాకు తోచింది చెబుతాను. నిజంగా కలిసి పెరిగిపోయిన పార్టీలకు ఇంకో మాట ఉంది, మెర్జర్, విలీనం. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిందే, అలాంటిది. అంటు పూర్తిగా కలిస్తే ఇక రెండు పేర్లుండవు. కొయలిషన్ అనే మాట బతికి ఉండాలంటే అంటు సగంలోనే ఆగిపోవాలి. మా మేనమామ తోటలో అయితే అలాంటి మొక్కను అమ్మేవాళ్ళు కాదు.

అలయన్స్ గౌరవమైన మాట అన్నాను కదా. ఆ గౌరవం చాటున ఏమేం జరుగుతాయో చెప్పడానికి మనకంటే అర్హులు లేరు. 'కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి' అంటారు. 1798లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీ మన నిజాం అలీ ఖాన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఇంగ్లీషులో సబ్సిడరీ అలయన్స్ అన్నారు. ఆ పద్ధతిలో మొదట సంతకం పెట్టింది నిజామే. మీ తెలుగు మీడియం పుస్తకంలో సైన్య సహకార పద్ధతి అని చదివి ఉంటారు. ఎవరి సైన్యం, ఎవరికి సహకారం? సైన్యం కంపెనీది, జీతాలిచ్చేది నిజాం, ఎవరితో మాట్లాడాలో ఎవరితో మాట్లాడకూడదో చెప్పేది కంపెనీ. రెండేళ్ళు దాటగానే, 1800లో, ఆ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలు ఇచ్చేయాల్సి వచ్చింది. దత్త మండలాలని పేరు పడింది వాటికే. తాడు ఉంది నిజమే, ఒక కొన మెడకు, ఇంకో కొన చేతికి. అయినా ఇంగ్లీషు భాష ప్రకారం అది అలయన్సే. అలయన్స్ అనే మాట కట్టు ఉందని చెబుతుంది, ఎవరు ఎవర్ని కట్టారో చెప్పదు.

దీనికి కొసమెరుపు ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో డబ్బు, మనుషులు ఇచ్చినందుకు 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ వాళ్ళు ఒక బిరుదిచ్చారు: ఫెయిత్‌ఫుల్ అలై ఆఫ్ ది బ్రిటిష్ గవర్నమెంట్. విశ్వాసపాత్రుడైన మిత్రుడు. ఫెయిత్‌ఫుల్ అనే విశేషణం మీరు ఇంకెక్కడ చూశారు? ఇంటి కుక్కకు వాడతారు, పాత నౌకరుకు వాడతారు. సమానుడైన మిత్రుణ్ణి ఎవరూ విశ్వాసంగా ఉన్నావురా అని మెచ్చుకోరు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు, 1947లో, తెల్లవాళ్ళు వెళుతూ వెళుతూ ఆ కట్టు తామే విప్పేసుకుపోయారు. విశ్వాసపాత్రుడు ఒంటరిగా మిగిలాడు. మరుసటి సెప్టెంబరులో ఏమైందో వరంగల్ వాళ్ళకు నేను చెప్పాలా?

తెలుగు సంగతికి వస్తాను. జర్నలిజం చదివే పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి కొంచెం కోపంగానే చెబుతాను. మనకు మూడు మాటలున్నాయి: పొత్తు, సంకీర్ణం, కూటమి. పొత్తు మన నేల మాట. మా ఊళ్ళో మా నాయినకూ మా బాబాయికీ పొత్తుల బావి ఉండేది. పొలాలు వేరు, ఇళ్ళు వేరు, పంటలు వేరు. బావి ఒకటి, మోటారు ఒకటి. స్టార్టర్ డబ్బా తాళం రెండు రోజులు మా ఇంట్లో, రెండు రోజులు వాళ్ళింట్లో. అంతా బాగానే ఉండేది, మోటారు కాలే వరకు. కాలిందనుకోండి, అది మా వంతులో కాలిందా వాళ్ళ వంతులో కాలిందా అని పంచాయితీ. వైండింగుకు ఇచ్చే డబ్బుల దగ్గర ఎవరూ ముందుకు రారు. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని సామెత ఊరికే పుట్టలేదు. వరి ఎండుతుంటే మా అమ్మ, మా చిన్నమ్మ చెరి సగం తెచ్చి నడిమిట్ల పెట్టేవాళ్ళు. అలయన్స్ ఎలా నడుస్తుందో నాకు నేర్పింది నాటో కాదు, ఆ బావి.

పొత్తుకు వచ్చే క్రియలు చూడండి. పొత్తు కుదురుతుంది, పొత్తు తెగుతుంది. పేపర్లో 'తెగదెంపులు' అని రాస్తారు. తెగేది ఏది? తాడు. సంకీర్ణ ప్రభుత్వం ఏమవుతుంది? కూలుతుంది. కూలేది ఏది? నిలబెట్టింది, పెరిగింది, ఇల్లో చెట్టో. లాటిన్ రాని మన సబ్ ఎడిటర్లు రెండు వేర్లనూ చెక్కుచెదరకుండా కాపాడారు. ఈ సంగతి గమనించిన రోజు నాకు ఇంట్లో టీ కూడా చల్లారిపోయింది.

సంకీర్ణం మాత్రం కొయలిషన్‌కు సరిగ్గా సరిపోయే మాట కాదు. దాని అసలు అర్థం కలగాపులగం, మిశ్రమం. సంకరానికి దగ్గరి చుట్టం. సంకర జాతి పత్తి గింజలంటామే, ఆ సంకరం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు సంకీర్ణ జాతి తెలుసు, తొమ్మిది అక్షరాలు. తకధిమి తకతకిట అని నాలుగూ ఐదూ కలిపి వేస్తారు. తాళం వేసే చేతికి అతుకు తెలుస్తూనే ఉంటుంది. ఇంగ్లీషు మాట కలిసి పెరిగాం అని గొప్ప చెప్పుకుంటుంది, మన మాట కలిపి పోశాం అని నిజం చెబుతుంది. ఢిల్లీ ప్రభుత్వాల్ని చూస్తే మన మాటే మేలనిపిస్తుంది నాకు.

నా గొడవ కూటమితో. 2009లో మహాకూటమి, 2018లో ప్రజాకూటమి వచ్చినప్పుడు ఇబ్బంది లేదు, అవి ఎన్నికల పొత్తులే, అలయన్స్‌కు కూటమి అన్నారు. 2024 తర్వాత ఆంధ్రాలో 'కూటమి ప్రభుత్వం' అని వాడుక వచ్చింది. అంటే కొయలిషన్‌కూ కూటమే. పొత్తుకూ కూటమే, ప్రభుత్వానికీ కూటమే అయితే చదివేవాడికి కట్టెక్కడో అంటెక్కడో ఎలా తెలుస్తుంది? పేపర్లో పనిచేసే నా పాత శిష్యుడొకణ్ణి అడిగితే, "సార్, సంకీర్ణం హెడ్డింగులో పట్టదు" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను?

వ్యాకరణం త్వరగా ముగిస్తాను, టైమవుతోంది. అలయన్స్‌కు 'విత్' వస్తుంది, కొయలిషన్‌కు ఎక్కువగా 'ఆఫ్' వస్తుంది. అలయన్స్‌లో ఉన్నవాడు అలై. కొయలిషన్‌లో ఉన్నవాడికి వాడుకలో ఒంటిమాట లేదు, 'కొయలిషన్ పార్ట్‌నర్' అని రెండు మాటలు పెట్టాలి. క్రియ కావాలంటే ఒకటి అలై, రెండోది కోఅలెస్. 'దే కొయలిషన్డ్' అని రాశారంటే మార్కు పోయినట్టే. అలై నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక. ఇది చెప్పే అర్హత నాకు ఉందో లేదో. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతూ అలైస్‌ను 'ఆలీస్' అని చదివాను. ఆలీ అంటే సందు. ఏడాది పొడుగునా హిట్లర్ మీద సందులు యుద్ధం చేశాయి నా క్లాసులో. సీనియర్ ఒకాయన క్యాంటీన్లో పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా చెప్పాడు. ఆయన మేలు మర్చిపోను.

అలైన్డ్ అనే మాటతో కూడా జాగ్రత్త. నాన్ అలైన్డ్‌లో ఉన్నది లైన్, గీత. ఏ వరసలోనూ నిలబడం అని. దానికీ అలైకీ చుట్టరికం లేదు, పోలికే.

ఏమైనా అడగాలంటే అడగండి. ఆ, నువ్వమ్మా, చెప్పు.

(ఒక విద్యార్థిని: సార్, మరి తెలంగాణ జేఏసీ అలయన్సా, కొయలిషనా?)

మంచి ప్రశ్న. ఇది నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. పేరులో రెండూ లేవు చూడు, జాయింట్ యాక్షన్ కమిటీ. యాక్షన్, అంటే పని. 2009 డిసెంబరు తర్వాత ఈ ఊళ్ళో వాళ్ళకూ వీళ్ళకూ అని లేకుండా జేఏసీలు వచ్చాయి. లాయర్లది, టీచర్లది, విద్యార్థులది, కులానికొకటి. ఒకరితో ఒకరికి పడనివాళ్ళు కూడా ఒకే టెంటు కింద కూర్చున్నారు. 2011లో సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. కోరిక ఒక్కటే. కాబట్టి అది కొయలిషన్. వంటిల్లు గుర్తు పెట్టి చూసినా అంతే, రోడ్ల మీదే వండుకుని తిన్నారు కదా. 2014 జూన్ 2 తర్వాత ఎవరి దారి వాళ్ళు పట్టారు. కొందరు ఆ పార్టీ, కొందరు ఈ పార్టీ, కొందరు ఇంట్లో.

ఇలాంటిది ఇక్కడ అంతకుముందు కూడా జరిగింది. కాకతీయ రాజ్యం పడిపోయాక, ఢిల్లీ సుల్తాన్ సైన్యాన్ని ఓరుగల్లు నుంచి వెళ్ళగొట్టడానికి ముసునూరి కాపయ నాయకుడి వెనక డెబ్బై ఐదుగురు నాయకులు నిలబడ్డారని రెడ్డిరాజుల ఇంటి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం చెబుతుంది. కోట చేతికొచ్చింది. తర్వాత వాళ్ళలో వాళ్ళకే పడలేదు. చివరికి కాపయ చనిపోయింది ఢిల్లీ వాళ్ళతో యుద్ధంలో కాదు, సాటి తెలుగు నాయకులైన రేచర్ల వాళ్ళతో పోరులో.

(ఇంకొక విద్యార్థి: సార్, పరీక్షలో అడిగితే ఏది రాయాలి, వంటిల్లా, అంటా?)

పరీక్షలో రెండూ రాయకు నాయనా. నాటో, 2003 రాయి, మార్కులు వేస్తారు. వంటిల్లు నీ కోసం పెట్టుకో. పరకాల బస్సు వాళ్ళు ముందు కదలండి, ఇది పోతే మళ్ళీ గంట ఆగాలి.